మన బండలతో సున్నపురాళ్ల స్లైడ్ల పెట్టె: పని డైరీ

జూన్ మొదట్లో

మా డిగ్రీ కాలేజీ జియాలజీ ల్యాబులో సున్నపురాళ్ల థిన్ సెక్షన్లున్న, అంటే వెలుతురు దాటేంత పలుచగా అరగదీసి గాజు స్లైడ్లకు అంటించిన రాతి కోతలున్న, చెక్కపెట్టె ఒకటుంది. ఎప్పుడో కొన్నది. అందులో ఊయిడ్ల (సున్నం పొరలు చుట్టుకున్న గుండ్రటి గింజల) స్లైడు ఉంది, న్యూమ్యులైట్ల (నాణెంలాంటి గుల్ల కట్టే ఏకకణ జీవుల శిలాజాల) స్లైడు ఉంది, పగడపు దిబ్బ ముక్క ఉంది. అన్నీ దూరదేశాల రాళ్లే. మా వరండా నిండా పరిచిన కొలిమిగుండ్ల నాపరాయి మాత్రం అందులో లేదు. వేంపల్లె డోలమైట్ (మెగ్నీషియం కూడా ఉన్న సున్నపు రాయి) లేదు. కర్నూలు, నంద్యాల, కడప పిల్లలు ఇలాంటి కార్బొనేట్ రాళ్లను మైక్రోస్కోపులో గుర్తుపట్టడం నేర్చుకోవాలంటే తాము పుట్టి పెరిగిన నేల మీది రాళ్లతోనే మొదలుపెట్టాలని నాకు చాలాకాలంగా ఉంది. ఈ ఏడాది ఆ పెట్టె తయారుచేయడానికి పూనుకున్నాం. నాతోపాటు చివరి ఏడాది విద్యార్థులు ముగ్గురు, మా ల్యాబ్ అసిస్టెంటు.

సేకరించాల్సినవి రాసుకున్నాం. బేతంచెర్ల, కొలిమిగుండ్ల వైపు తవ్వే నాపరాయి, అంటే పుస్తకాల్లో నార్జి సున్నపురాయి. వేంపల్లె దగ్గరి స్ట్రోమటోలైట్ (సూక్ష్మజీవుల చాపలు పొరలు పొరలుగా కట్టిన) డోలమైట్. రాజమండ్రి పక్కన కాతేరులో రెండు లావా పొరల మధ్య ఇరుక్కున్న గుల్లల సున్నపురాయి. నల్లరేగడి చేలల్లో దున్నినప్పుడు పైకొచ్చే తెల్లటి సున్నపు గులకలు. పులికాట్ సరస్సు వైపు నుంచి గుల్ల. ఈ చివరిది ఇంకా రాయి కాలేదు, కానీ అది లేకుండా మిగతావి అర్థం కావని నా నమ్మకం.

సున్నపురాయి చూసే పద్ధతే వేరు. గ్రానైటులో ఖనిజాల పేర్లు చెప్పగలిగితే సగం పని అయిపోతుంది. సున్నపురాయిలో ఉండే ఖనిజాలు ముఖ్యంగా రెండే, కాల్సైట్ (కాల్షియం కార్బొనేట్), డోలమైట్ (కాల్షియం, మెగ్నీషియం కార్బొనేట్; రాయికీ ఖనిజానికీ ఒకటే పేరు). ఆ పేర్లు చెప్పేసి ఊరుకుంటే రాయి గురించి చెప్పింది ఏమీ లేనట్టే. ఇక్కడ చూడాల్సింది గింజల ఆకారం, వాటి అమరిక, మధ్యలో ఏం నిండి ఉంది అన్నది. అందుకే పిల్లలకు ముందుగా రెండు ప్రశ్నలు రాసిచ్చాను. నీటి అడుగున పేరుకున్నప్పుడు ఇది ఏమిటి? పేరుకున్న తర్వాత దీనికి ఏం జరిగింది? ప్రతి స్లైడుకూ ఈ రెంటికీ వేర్వేరుగా జవాబు రాయాలి. కలిపి రాస్తే తిప్పి ఇచ్చేస్తాను.

జూన్, రాళ్లు తెచ్చుకోవడం

బేతంచెర్లలో ఒక పాలిష్ ఫ్యాక్టరీకి వెళ్లాం. కట్టింగ్ మిషన్ దగ్గర ఉన్న పెద్దాయన మా సంచి చూసి అడిగాడు.

"ఇన్ని మంచి బండలు పెట్టుకొని ఈ పెచ్చులేరుకుంటున్నారేంది సార్?"

"వీటిని వెంట్రుక కన్నా సన్నంగా అరగదీసి భూతద్దంలో చూడాలన్నా."

"అయితే అంచు పెచ్చులు వద్దులే సార్. పొరకు అడ్డంగా కోసింది ఇస్తా. ఏది పైమొగమో, ఏది కిందిమొగమో కూడా గీత పెట్టిస్తా."

గని నుంచి బండ ఏ పొరలో ఎలా లేచిందో ఆయనకు తెలుసు. సుద్దముక్కతో ప్రతి పెచ్చు మీదా బాణం గుర్తు వేసి ఇచ్చాడు. మా పిల్లలకు నేను ఎన్నోసార్లు చెప్పే మాటే అది. పైకిందులు తెలియని నమూనా సగం నమూనా. ఆ సాయంత్రం ఆయన దగ్గర నేర్చుకున్నది ఒక ఫీల్డ్ క్లాసుకు సమానం.

వేంపల్లె దగ్గర కాలువ తవ్వినప్పుడు గట్టున పోసిన రాళ్లలోంచి ఏరుకున్నాం. స్ట్రోమటోలైట్ పొరలు గోపురాల్లా వంగి బయటికే కనిపిస్తున్న చోట సుత్తి వేయలేదు. అవి నిలబడి ఉండాల్సిన రాళ్లు. పులివెందుల వైపు తాడిపత్రి పొరల్లోకి చొచ్చుకొచ్చిన అగ్నిశిల వయసు సుమారు 188 కోట్ల ఏళ్లు అని కొలిచారు. వేంపల్లె పొరలు వాటి కింద ఉన్నాయి, అంటే అంతకన్నా పాతవి. బెలుం గుహల్లో కాల్సైట్ అందంగా గడ్డకట్టి ఉంటుంది, పిల్లలు ఆశపడ్డారు కూడా. అక్కడి నుంచి ఒక్క ముక్కా తీసుకోకూడదని చెప్పి, కాల్సైట్ సిరల (పగుళ్లలో నిండిన చారల) కోసం క్వారీ చెత్త రాళ్లే వెతికాం.

రాజమండ్రి రాళ్లు అక్కడ పనిచేస్తున్న మా పాత విద్యార్థి పంపించాడు. క్వారీలో రాలి పడిన ముక్కలు. వాటికి మాత్రం పైకిందులు తెలియవు.

జూన్ చివర, ఆమ్లం చుక్క

మైక్రోస్కోపు దగ్గరికి పోకముందే చేతిలో పట్టుకుని చేయాల్సిన పరీక్ష ఒకటుంది. పది శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక చుక్క. నాపరాయి మీద చుర్రుమని పొంగింది. వేంపల్లె రాయి మీద నిశ్శబ్దం. అదే రాయిని చాకుతో గీకి, ఆ పొడి మీద చుక్క వేస్తే నెమ్మదిగా బుడగలు లేచాయి. చల్లటి పలుచని ఆమ్లంలో డోలమైట్ చాలా మెల్లగా కరుగుతుంది. పొడి చేస్తే ఆమ్లం తగిలే చోటు పెరుగుతుంది కాబట్టి పొంగు కంటికి కనబడుతుంది.

సిమెంటు కంపెనీల వాళ్లకు ఈ తేడా జీవన్మరణ సమస్య. సున్నపురాయిలో డోలమైట్ ఎక్కువైతే సిమెంటులో మెగ్నీషియా పెరుగుతుంది, గట్టిపడిన తర్వాత అది మెల్లగా ఉబ్బి పగుళ్లు తెస్తుంది. మన దేశపు ప్రమాణంలో మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటుకు మెగ్నీషియా 6 శాతం దాటకూడదు. తుమ్మలపల్లె యురేనియం ఉన్నదీ వేంపల్లె డోలమైట్ పొరల్లోనే. రాయి పేరు సరిగ్గా పెట్టడం పరీక్ష మార్కుల కోసం మాత్రమే అనుకోవద్దని పిల్లలకు ఇక్కడే చెప్పాను.

జూలై, అరగదీత

రాయి ముక్క ఒక ముఖాన్ని గాజుపలక మీద కార్బొరండం పొడితో నీళ్లు పోస్తూ రుద్దాలి. ముతక పొడితో మొదలుపెట్టి 400, 600, 1000 నంబర్ల వరకు. ప్రతి పొడి మార్చేటప్పుడు రాయినీ చేతులనూ బాగా కడగాలి. ముతక గింజ ఒక్కటి మిగిలినా నున్నటి ముఖం మీద గీత పడుతుంది. తర్వాత ఎపాక్సీతో గాజు స్లైడుకు అంటించి, ఆరాక రెండో వైపు కోసి, మళ్లీ అరగదీయాలి. చివరి మందం 0.03 మిల్లీమీటరు, అంటే 30 మైక్రాన్లు. పొడి ఎప్పుడూ తడిగానే ఉండాలి, ఊపిరితిత్తుల్లోకి పోనివ్వకూడదు.

30 మైక్రాన్లు వచ్చిందని ఎలా తెలుస్తుంది? మిగతా రాళ్లలో క్వార్ట్జ్ రంగు చూసి చెప్తాం. క్రాస్డ్ నికల్స్ మధ్య, అంటే ఒకదానికొకటి అడ్డంగా తిప్పిన రెండు పోలరైజర్ల మధ్య, 30 మైక్రాన్ల క్వార్ట్జ్ లేత బూడిద, తెలుపు రంగులో ఉంటుంది. వెలుతురును ఎంత వంచుతుందో చెప్పే దాని రెండు వక్రీభవన గుణకాల తేడా 0.009. మందంతో గుణిస్తే 270 నానోమీటర్లు, మొదటి ఆర్డరు (రంగుల వరుసల్లో మొదటిది) రంగు. కాల్సైట్‌కు ఆ తేడా 0.172. గుణిస్తే 5,000 నానోమీటర్లు దాటిపోతుంది. అంత పై ఆర్డర్లలో రంగులన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి ముత్యపు తెలుపులాగే కనిపిస్తాయి, స్లైడు 30 మైక్రాన్లున్నా, 50 ఉన్నా. అంటే శుద్ధమైన సున్నపురాయి తన మందం తాను చెప్పలేదు.

దీనికి మేము చేసిన ఉపాయం పాతదే. స్లైడు మూలలో రాయి పక్కనే చిన్న క్వార్ట్జ్ ముక్క అంటించి, రెంటినీ కలిపి అరగదీశాం. క్వార్ట్జ్ పసుపు నుంచి తెలుపుకు, తెలుపు నుంచి బూడిదకు దిగగానే ఆపాలి. నాపరాయిలో సన్నటి క్వార్ట్జ్ ఒండ్రు గింజలు ఉండటంతో అక్కడ వేరే ముక్క అవసరం పడలేదు.

మైక్రైట్ (గట్టిపడిన అతిసన్నటి సున్నపు బురద) ఉన్న స్లైడ్లను మాత్రం ఇంకొంచెం పలుచగా, 25 మైక్రాన్ల దాకా తీసుకెళ్లాం. మైక్రైట్ స్ఫటికాలు 4 మైక్రాన్లకన్నా చిన్నవి. 30 మైక్రాన్ల మందంలో అవి ఏడెనిమిది ఒకదానిమీద ఒకటి పడి ఉంటాయి. వెలుతురు అన్నింటినీ దాటి రావాలి కాబట్టి ఆ భాగం గోధుమరంగులో మసకగా కనబడుతుంది. ఆ మసకే మైక్రైట్‌కు గుర్తు. అక్కడ స్ఫటికాలు కనబడటం లేదని దాన్ని మట్టి ఖనిజం అనుకునే విద్యార్థులు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు.

స్లైడు చేసే ఓపిక, మిషన్ లేని కాలేజీలకు అసిటేట్ పీల్ పద్ధతి చెప్తాను. నున్నగా రుద్దిన ముఖాన్ని పలుచని ఆమ్లంలో కొన్ని సెకన్లు ముంచి, కడిగి ఆరబెట్టి, అసిటోన్ పోసి, దానిమీద అసిటేట్ షీటు పరచాలి. ఆరాక ఒలిస్తే రాతి ముఖం అచ్చు దానిమీదికి వస్తుంది. గింజలు, గుల్లలు, సిమెంటు (గింజల మధ్య ఖాళీలో దిగి వాటిని అతికించిన ఖనిజం) అంచులు చక్కగా కనిపిస్తాయి. పోలరైజ్డ్ వెలుతురులో మాత్రం అది పనికిరాదు, ఎందుకంటే అందులో ఉన్నది అచ్చు, ఖనిజం కాదు. ఖర్చు మాత్రం చాలా తక్కువ.

జూలై మూడో వారం, నాపరాయి

మొదటి స్లైడు మన ఇంటి బండదే. 4 ఎక్స్ లెన్సులో చూస్తే అంతా గోధుమ మసక. పిల్లల ముఖాల్లో కొంచెం నిరాశ. పగడాలు, గుల్లలు చూసిన కళ్లకు ఇది ఖాళీగా అనిపిస్తుంది. కానీ తీరిగ్గా చూస్తే ఈ స్లైడులో చాలా ఉంది.

మసకలో సన్నని పొరలు ఉన్నాయి. కొన్ని ముదురుగా, కొన్ని లేతగా. లేత పొరల్లో క్వార్ట్జ్ ఒండ్రు గింజలు చుక్కల్లా మెరుస్తున్నాయి. అక్కడక్కడ నల్లగా, వెలుతురు దాటనివ్వని ఘనాలు. పైనుంచి టార్చి వేస్తే ఇత్తడి మెరుపు, పైరైట్. గుల్ల ముక్క ఒక్కటీ లేదు. ఉండదు కూడా, గుల్లలు కట్టే జంతువులు విస్తరించకముందు ప్రీకేంబ్రియన్ సముద్రంలో పడిన సున్నపు బురద ఇది. నీరు నెమ్మదిగా ఉంటే తప్ప ఇంత సన్నటి బురద ఇలా పొరలుగా నిలవదు.

స్టేజి తిప్పితే ఇంకో సంగతి. పై నికల్ తీసేసి, కింది నికల్ ఒక్కటే ఉంచి, స్లైడులో దొరికిన చిన్న కాల్సైట్ సిర మీద చూపు పెట్టి తిప్పాం. అంచులు ఒకసారి గట్టిగా లేచి, ఇంకోసారి మాయమయ్యాయి. కాల్సైట్ గుణకాలు 1.486, 1.658. ఎపాక్సీది ఈ రెంటి మధ్యలో ఉంటుంది. ఏ దిశలో ఏ గుణకం పనిచేస్తుందో దాన్ని బట్టి ఉబ్బెత్తు (గింజ చుట్టూ ఉన్న ఎపాక్సీ నుంచి పైకి లేచినట్టు కనిపించడం) మారుతుంది. పుస్తకాల్లో ట్వింక్లింగ్ అంటారు. ఇది కార్బొనేట్ అని చెప్పడానికి ఇంతకన్నా తేలికైన గుర్తు లేదు. కాల్సైటా, డోలమైటా అన్నది మాత్రం దీనితో తేలదు, ఎందుకంటే డోలమైట్ గుణకాలు 1.500, 1.679. అదీ ఇలాగే మెరిసి మాయమవుతుంది.

స్లైడుకు అడ్డంగా రంపపు పళ్లలాంటి నల్లగీత ఒకటి పోతోంది. స్టైలోలైట్. రాయి పూడుకుపోయాక పై బరువుకు కాల్సైట్ కరిగి వెళ్లిపోగా, కరగని మట్టి, పైరైట్ ఆ గీతలో పోగుపడ్డాయి. మన ఇళ్ల నేల బండల్లో ముదురు అలల గీతలు కనిపిస్తాయే, వాటిలో చాలావరకు ఇవే. రెండో ప్రశ్నకు జవాబు ఇక్కడ మొదలైంది.

ఆగస్టు, రంగు వేయడం

కాల్సైట్‌నూ డోలమైట్‌నూ విడదీయడానికి 1960ల మధ్యలో జె.ఎ.డి. డిక్సన్ చెప్పిన పద్ధతే ఇప్పటికీ నమ్మకమైనది. 1.5 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో 0.2 శాతం అలిజరిన్ రెడ్ ఎస్ ఒక సీసా. అదే ఆమ్లంలో 2 శాతం పొటాషియం ఫెర్రిసైనైడ్ ఇంకో సీసా. వాడే రోజునే మొదటిది మూడు వంతులు, రెండోది రెండు వంతులు కలపాలి. కవర్ గ్లాసు వేయని స్లైడును ముందు ఉత్త ఆమ్లంలో పది పదిహేను సెకన్లు, తర్వాత ఈ మిశ్రమంలో అర నిమిషం నుంచి ముప్పావు నిమిషం, చివరికి అలిజరిన్ ఒక్కదానిలో మరో పది పదిహేను సెకన్లు ఉంచాలి. మెల్లగా నీళ్లలో ముంచి తీసి ఆరబెట్టాలి. రుద్దితే రంగు లేచిపోతుంది.

ఫెర్రిసైనైడ్‌ను గాఢమైన ఆమ్లంలో కలపకూడదు, వేడి చేయకూడదు. విషవాయువు వచ్చే ప్రమాదం ఉంది. కిటికీలు తెరిచి, గ్లవ్స్ వేసుకుని, ఆమ్లాన్ని నీళ్లలో పోసి పలుచన చేశాం, నీళ్లను ఆమ్లంలో కాదు. ఈ ఒక్క పని నేను పక్కన లేకుండా పిల్లలతో చేయించను.

ఫలితం చూస్తే కడుపు నిండింది. నాపరాయి స్లైడంతా గులాబీ ఎరుపు. కానీ స్టైలోలైట్ గీత పక్కన చిన్న చిన్న పలకలు, రంగు పట్టకుండా తెల్లగా, కోణాలు స్పష్టంగా. డోలమైట్ రాంబులు, అంటే సమచతుర్భుజ స్ఫటికాలు. రంగు వేయకముందు ఆ చోట ఏమీ ప్రత్యేకంగా కనబడలేదు. బురద రాయిగా మారాక, గీత వెంట నీరు కదిలినప్పుడు అక్కడ మాత్రం డోలమైట్ పెరిగిందన్నమాట. కాల్సైట్‌లో ఇనుము ఉంటే ఊదారంగు వస్తుంది, డోలమైట్‌లో ఇనుము ఉంటే లేత నీలం. ఇక్కడ రెండూ రాలేదు.

వేంపల్లె రాయి ఈ రంగులకు లొంగలేదు. స్లైడు పొడుగునా తెల్లగానే ఉండిపోయింది, పగుళ్లలోని సన్నటి కాల్సైట్ సిరలు తప్ప. ఆ ఎరుపు సిరలు తెల్లటి రాయిని కోసుకుంటూ పోవడం చూస్తే వరుస దానంతట అదే తెలుస్తుంది. డోలమైట్ ముందు, పగులు తర్వాత, కాల్సైట్ ఆ తర్వాత.

వేంపల్లె మీద ఇంకొంచెం

ఈ స్లైడు మీద నేను ఎక్కువసేపు కూర్చున్నాను. స్ట్రోమటోలైట్ పొరలు మైక్రోస్కోపులో జంటజంటలుగా కనిపిస్తాయి. ఒకటి ముదురు, సన్నటి స్ఫటికాలది. పక్కది లేత, కాస్త పెద్ద స్ఫటికాలది. సూక్ష్మజీవుల చాప మీద బురద అతుక్కోవడం, సున్నం దిగడం, మళ్లీ చాప పైకి పెరగడం, ఇలా పైకి కట్టుకుంటూ పోయిన పొరలు. కానీ ఇప్పుడు ఉన్నదంతా డోలమైట్ స్ఫటికాలే. అసలు గింజ ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో డోలమైట్ తుడిచేసింది.

అదే స్లైడులో చెర్ట్ ముద్ద ఒకటి ఉంది. క్రాస్డ్ నికల్స్‌లో ఉప్పూమిరియాల పొడిలా కనిపించే అతిసన్నటి క్వార్ట్జ్. ఆ చెర్ట్ లోపల గుండ్రటి గింజలు, వాటిచుట్టూ వలయాలు, స్పష్టంగా. ఊయిడ్లు. చెర్ట్ బయట డోలమైట్‌లో వాటి ఆనవాలు మాత్రమే, చూస్తే ఉన్నట్టు, తేరిపార చూస్తే లేనట్టు. సిలికా తొందరగా వచ్చి ఆ ముద్దను పట్టుకోవడంతో లోపలి గింజలు బతికిపోయాయి. బయట ఉన్నవాటిని తర్వాత వచ్చిన డోలమైట్ మార్చేసింది. పిల్లలకు చెప్పాను, డోలమైట్ స్లైడులో ముందుగా చెర్ట్ కోసం వెతకండి, రాయి పాత రూపం అక్కడే దొరుకుతుంది.

ఊయిడ్లు ఉన్నాయంటే నీరు లోతు తక్కువగా ఉండి, అలలు గింజలను దొర్లిస్తూ ఉండాలి. మన తూర్పు తీరం ఎదుట ఖండతీరపు అంచున కూడా పాత ఊయిడ్ ఇసుక ఉంది. సముద్రమట్టం చాలా కిందికి ఉన్న కాలంలో ఏర్పడి, ఇప్పుడు లోతుగా మునిగిపోయింది. ఆ ఇసుక కొంచెమైనా సంపాదించి వేంపల్లె స్లైడు పక్కన పెట్టాలని ఉంది.

ఊయిడ్ కొలిచేటప్పుడు ఒక జాగ్రత్త. స్లైడు అనేది గింజల మధ్య నుంచి పోయిన కోత. గోళాన్ని సరిగ్గా నడిమధ్యన కోస్తే పూర్తి వ్యాసం వస్తుంది, పక్కగా కోస్తే చిన్న వృత్తం వస్తుంది. అందుకే స్లైడులో కనిపించే సగటు వ్యాసం అసలు కన్నా తక్కువ.

సెప్టెంబర్, కాతేరు రాయి

ఇది పిల్లల పండగ స్లైడు. దక్కన్ లావాలు రాజమండ్రి దాకా వచ్చిన చోట, రెండు ప్రవాహాల మధ్య విరామంలో పేరుకున్న రాయి. డైనోసార్లు అంతరించిన 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందటి ఘట్టం దీనికి చాలా దగ్గర. ఆ ఘట్టానికీ దక్కన్ లావాలకూ సంబంధం తేల్చడానికి భూవిజ్ఞాని గెర్టా కెల్లర్ బృందం ఈ ప్రాంతపు పొరల్లోని ఫోరామినిఫెరాలనే (గుల్ల కట్టే ఏకకణ జీవుల శిలాజాలనే) పరిశీలించింది.

స్లైడులో ఆయిస్టర్ చిప్పల ముక్కలు పొడవుగా, లోపల సన్నటి ఆకుల దొంతరలా పొరలు పొరలుగా కనిపిస్తున్నాయి. వాటి పక్కనే నత్తగుల్లల అడ్డుకోతలు, చుట్టలు చుట్టలుగా. నత్తల గోడల్లో మాత్రం ఏ పొరా లేదు. గోడ ఉండాల్సిన చోట పెద్ద పెద్ద కాల్సైట్ స్ఫటికాలు, స్పార్. గోడ అంచును సన్నటి గోధుమ గీత చుట్టి ఉంది. ఒక విద్యార్థిని అడిగింది, "ఒకే సముద్రపు గుల్లలే కదా సార్, చిప్ప అలాగే ఉండి నత్త మాత్రం ఎందుకు మారింది?"

ఈ ప్రశ్న వస్తుందనే గుల్ల తెప్పించి పెట్టాను. దాని సంగతి కింద రాస్తాను.

ఈ రాయిలో నాకు బాగా నచ్చింది ఇంకొకటి. కొన్ని నత్తల లోపల ఒక వైపు బురద, ఇంకో వైపు స్పార్ ఉన్నాయి. రెంటి మధ్య సరళమైన హద్దు. గుల్ల అడుగున బురద దిగి కూర్చుంది, పైన మిగిలిన ఖాళీలో తర్వాత కాల్సైట్ నిండింది. ఆ హద్దు అప్పటి క్షితిజ సమాంతర మట్టం. అన్ని నత్తల్లోనూ హద్దు ఒకే దిశలో ఉంది. పైకిందులు తెలియవని రాసుకున్న ముక్కకు ఇప్పుడు బాణం గుర్తు వేశాం. బేతంచెర్లలో పెద్దాయన సుద్దముక్కతో వేసిన గుర్తును ఇక్కడ రాయే చెప్పింది.

రంగు వేశాక నత్త గోడల్లోని స్పార్ అంచున ఎరుపు, మధ్యలోకి పోయేకొద్దీ ఊదా. చివర నిండిన కాల్సైట్‌లో ఇనుము ఉంది. అంటే అది ప్రాణవాయువు తక్కువగా ఉన్న నీటి నుంచి దిగింది, రాయి పూడుకుపోయాక. ఒకే గోడలో రెండు కాలాల నీళ్లు.

గుల్ల, ఫీగిల్ ద్రావణం

పులికాట్ గుల్లను కడిగి ఆరబెట్టి, ఎపాక్సీ పోసి దిమ్మగా చేసి, రాయిలాగే కోశాం. సున్నం బట్టీలకు పోయే గుల్లే ఇది. నున్నటి మెరిట్రిక్స్ (ఒక రకం రెండు చిప్పల గుల్ల) చిప్పలు, గరుకు ఆయిస్టర్ చిప్పలు కలిసి ఉన్నాయి. ఫీగిల్ ద్రావణంలో వెండి, మాంగనీసు లవణాలు ఉంటాయి. వెండి వల్ల ఖరీదు ఎక్కువే, కొంచెమే కలుపుకున్నాం. దానిలో ముంచితే మెరిట్రిక్స్ నల్లబడింది. ఆయిస్టర్ తెల్లగానే ఉంది.

నల్లబడింది ఆరగొనైట్. కాల్సైట్‌కు అదే రసాయన సూత్రం, వేరే స్ఫటిక నిర్మాణం. ఆరగొనైట్ మంచినీటిలో తొందరగా కరుగుతుంది, కాలక్రమేణా నిలవదు. నత్తల్లో చాలావరకు, మెరిట్రిక్స్ జాతి చిప్పలూ ఆరగొనైట్‌వే. ఆయిస్టర్ చిప్ప చాలావరకు కాల్సైట్. కాతేరు రాయిలో నత్త గోడ కరిగిపోయింది, కానీ దాని అంచుల్లో సూక్ష్మజీవులు తొలిచిన రంధ్రాల్లో ముందే మైక్రైట్ చేరి ఉండటంతో ఆ గోధుమ గీత అచ్చులా నిలిచింది. ఖాళీ అచ్చులో తర్వాత స్పార్ నిండింది. చిప్ప మాత్రం పుట్టినప్పటి పొరలతోనే ఉండిపోయింది.

రెండు దిమ్మలనూ పక్కపక్కన పెట్టి ఆ విద్యార్థినికి చూపించాను. తనే వివరించి, తనే రికార్డులో రాసింది. ఇలా ఇంకా గట్టిపడని పదార్థాన్నీ పాత రాయినీ కలిపి చూడకుండా సున్నపురాళ్లు చెప్పడం నాకు సాధ్యం కాదు.

నల్లరేగడి గులకలు

వీటి గురించి ఎక్కువ లేదు. బయటికి నాపరాయి మైక్రైట్‌లాగే మసక. కానీ లోపల క్వార్ట్జ్ గింజలు ఒకదానికొకటి తగలకుండా తేలుతున్నట్టు ఉంటాయి, వాటిచుట్టూ వంపు పగుళ్లు, వేళ్లు పోయిన గొట్టాలు. పొరలు లేవు. సముద్రంతో సంబంధం లేకుండా నేలలోని తేమ ఆవిరైనప్పుడు దిగిన సున్నం ఇది. రెండు మైక్రైట్లను పక్కన పెట్టి చూపడానికే ఈ స్లైడు పెట్టెలో ఉంది. పదార్థం ఒకటే, పుట్టుక వేరు.

అక్టోబర్, పేర్లు పెట్టడం

పేర్లకు రెండు పద్ధతులు వాడుతున్నాం. రాబర్ట్ ఫోక్ 1959లో, తర్వాత 1962లో విస్తరించి ఇచ్చింది ఒకటి. గింజ రకం, మధ్యలో ఉన్నది మైక్రైటా స్పారా అన్నదాన్ని కలిపి పేరు. ఊయిడ్లూ స్పారూ అయితే ఊస్పరైట్, గుల్లలూ మైక్రైటూ అయితే బయోమైక్రైట్. రెండోది రాబర్ట్ డన్హమ్ 1962లో ఇచ్చింది. బురద ఉందా లేదా, గింజలు ఒకదానిమీద ఒకటి ఆనుకున్నాయా, బురదలో తేలుతున్నాయా అని అడుగుతుంది. బురదలో గింజలు పది శాతం లోపు ఉంటే మడ్‌స్టోన్, అంతకన్నా ఎక్కువుండి తేలుతుంటే వాకెస్టోన్, బురదున్నా గింజలు ఆనుకుని ఉంటే ప్యాక్‌స్టోన్, బురద లేకపోతే గ్రెయిన్‌స్టోన్. పేరుకునేటప్పుడే కట్టుకున్నది బౌండ్‌స్టోన్.

నాపరాయి మడ్‌స్టోన్, దానిలో వాదన లేదు. వేంపల్లె పొరలు బౌండ్‌స్టోన్, చెర్ట్‌లోని ఊయిడ్ల భాగం వేరుగా గ్రెయిన్‌స్టోన్. కాతేరు రాయి దగ్గర విద్యార్థుల మధ్య గట్టి చర్చ నడిచింది. ఒకరు వాకెస్టోన్ అన్నారు, ఇద్దరు ప్యాక్‌స్టోన్ అన్నారు. పాయింట్ కౌంటింగ్ చేశారు. మెకానికల్ స్టేజి మీద స్లైడును సమాన దూరాల్లో జరుపుతూ, క్రాస్ వైరు కింద ఏమి పడిందో 300 చోట్ల రాశారు. గింజలు సగం కన్నా తక్కువ వచ్చాయి. వాకెస్టోన్ అన్నవాళ్లు గెలిచామనుకున్నారు.

కానీ డన్హమ్ అడిగింది శాతం కాదు, ఆనిక. గుండ్రటి గింజలు ఆనుకోవాలంటే చాలా కావాలి. చదునైన, వంకర చిప్పలు చాలా తక్కువగా ఉన్నా ఒకదానిమీద ఒకటి నిలిచి మధ్యలో పెద్ద ఖాళీలు వదులుతాయి. పైగా మనం చూస్తున్నది ఒక్క తలం. ఆ తలంలో తగలనివి దానికి పైనో కిందో తగులుతుండవచ్చు. అందుకే మొదటి కోతకు లంబంగా ఇంకో స్లైడు చేయించాను. దానిలో చిప్పల ఆనికలు చాలాచోట్ల బయటపడ్డాయి, చిప్పల కింద నీడ పడ్డట్టు ఖాళీలు ఉండి వాటిలో స్పార్ నిండి ఉంది. తేలుతున్న చిప్ప కింద అలాంటి ఖాళీ మిగలదు. పేరు ప్యాక్‌స్టోన్ అని రాశాం, వాకెస్టోన్ అన్న విద్యార్థి చేతే రాయించాం. అతని లెక్క సరైనదే, ఆ లెక్కను కూడా రికార్డులో ఉంచాం.

ఈ పద్ధతి కొత్తది కాదు. ఇంగ్లండులోని షెఫీల్డ్‌కు చెందిన భూవిజ్ఞాని హెన్రీ క్లిఫ్టన్ సోర్బీ 1851లోనే సున్నపు రాళ్ల పలుచని కోతల గురించి రాశాడు. 1879లో లండన్ జియలాజికల్ సొసైటీ అధ్యక్షుడిగా ఇచ్చిన ఉపన్యాసం మొత్తం సున్నపురాళ్ల నిర్మాణం, పుట్టుక గురించే. గుల్లల్లో ఆరగొనైట్ ఏది, కాల్సైట్ ఏది, అందుకే ఏది నిలుస్తుంది అన్నది ఆయన అప్పుడే గమనించాడు. మా ఫీగిల్ దిమ్మ వెనుక ఉన్నది ఆ ఆలోచనే అని పిల్లలకు తెలియాలి.

నవంబర్, ఇప్పటికి

పెట్టెలో ప్రతి రాయికీ మూడు స్లైడ్లు ఉన్నాయి. ఒకటి రంగు వేయనిది, కవర్ గ్లాసుతో. ఒకటి రంగు వేసింది. ఒకటి లంబంగా కోసింది. లేబుల్ మీద ఊరు, పొర పేరు, పైమొగం బాణం, స్లైడు మందం, డన్హమ్ పేరు, కింద రెండు వరసలు: పడినప్పుడు, పడిన తర్వాత. ఐపీస్‌కు ఫోను ఆనించి తీసిన ఫొటోలకు స్కేలు గీత తప్పనిసరి. స్కేలు లేని ఫొటోలో పెలాయిడ్ (లోపల నిర్మాణం లేని చిన్న మైక్రైట్ గింజ) ఎంతో, ఊయిడ్ ఎంతో తెలియదు.

తాండూరు బండ ముక్కలు వచ్చాయి. అదీ ఎక్కువగా మైక్రైటే, భీమా అనే రాతి పొరల సముదాయానిది. కొలిమిగుండ్ల రాయి పక్కన పెడితే విద్యార్థులు దేన్ని చూసి వేరు చేస్తారో చూడాలి. నా అంచనా స్టైలోలైట్ల దగ్గర డోలమైట్ ఎంత ఉందన్నదే తేడా చూపిస్తుందని. ముక్కలు రెండు వైపులా 600 నంబరు వరకు రుద్ది ఎపాక్సీ వేసి ఉంచాం. సోమవారం కోత, ఆ తర్వాత రంగు.